కారుకు సోకులు, వారంటీకి చిక్కులు

కొత్త కారు. కొని ఆరు నెలలు కూడా కాలేదు, ఒక పక్క పవర్ విండో దిగడం మానేసింది. షోరూంకు తీసుకెళితే సర్వీస్ అడ్వైజర్ బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కన నల్ల టేపు చుట్టిన జాయింట్లు చూసి, "సార్, బయట హారన్ వేయించారు కదా? వైరింగ్ కట్ చేశారు. ఇంక వారంటీ రాదండీ" అంటాడు. "హారన్‌కీ అద్దానికీ ఏంటయ్యా సంబంధం?" అని యజమాని. ఆ ప్రశ్నకు అడ్వైజర్ దగ్గర చాలాసార్లు జవాబు ఉండదు. యజమాని దగ్గరా ఉండదు. గొంతులు మాత్రం పెరుగుతాయి.

నిజానికి యజమాని అడిగింది అసలైన ప్రశ్నే. పాడైన భాగానికీ, బయట చేయించిన మార్పుకీ మధ్య కరెంటో, వేడో, బరువో, సంకేతమో వెళ్లే దారి ఏదైనా ఉందా? ఉంటే కంపెనీ తన జేబులోంచి డబ్బు తీయనక్కర్లేదు. లేకపోతే ఏదో సాకు చూపి తప్పుకోవడం న్యాయం కాదు. చిక్కల్లా ఎక్కడంటే, ఈ కాలపు కార్లలో ఆ దారులు పైకి కనిపించవు. ఉన్నచోట లేనట్టూ, లేనిచోట ఉన్నట్టూ అనిపిస్తాయి.

వారంటీ బీమా కాదు. తయారీలోనో, వాడిన సరుకులోనో లోపం ఉంటే మేం బాగుచేస్తాం అని కంపెనీ ఇచ్చే హామీ అంతే. మారుతి సుజుకి 2024 జులై నుంచి ఈ హామీని 3 ఏళ్లు లేదా 1 లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఏ కంపెనీ బుక్‌లెట్ తీసినా వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో, తాము ఒప్పుకోని మార్పులకు బాధ్యత మాది కాదన్న షరతు ఉంటుంది. కారు కొన్న రోజున ఆ పేజీ చదివేవాళ్లు అరుదు. షోరూం నుంచి బండి నేరుగా గుడికి, గుడి నుంచి యాక్సెసరీస్ షాపుకు వెళుతుంది.

ఎక్కువ తగాదాలు వైర్ల దగ్గరే మొదలవుతాయి కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. హెడ్‌లైట్ సంగతి చూడండి. చాలా కార్లలో వచ్చే హెచ్4 హాలొజన్ బల్బు 60/55 వాట్లది. హైబీమ్ వేస్తే 60 వాట్లు; 12 వోల్టుల దగ్గర అది 5 ఆంపియర్ల కరెంటు. హైవే మీద వెలుగు చాలడం లేదని చాలామంది 100/90 వాట్ల బల్బు బిగించుకుంటారు. అప్పుడు కరెంటు 8.3 ఆంపియర్లకు చేరుతుంది. పెరిగింది మూడింట రెండు వంతులే కదా అనిపించవచ్చు. కానీ వైరులో, సాకెట్‌లో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 8.3ని 5తో భాగించి వర్గం చేస్తే దాదాపు 2.8. అంటే అదే సాకెట్, అదే పిన్ను ఇప్పుడు మూడు రెట్లకు దగ్గరగా వేడెక్కుతున్నాయి. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ హోల్డర్ అంత వేడికి తయారైంది కాదు. కొన్ని నెలలకు పసుపు రంగుకు తిరిగి, తర్వాత గోధుమ రంగుకు మారి, చివరికి పిన్ను చుట్టూ కరిగిపోతుంది. వేడికి పిన్ను వదులైతే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఆటోనగర్లలోని మంచి ఎలక్ట్రీషియన్లకు ఇదంతా కొట్టినపిండి. అందుకే వాళ్లు పింగాణీ హోల్డర్లు, రిలే అనే స్విచ్ ఉన్న విడి కిట్ వేసి, బల్బుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తెస్తారు. కంపెనీ వైరు రిలేను ఆన్ చేయడానికే పనికొస్తుంది కాబట్టి దాని మీద భారం ఉండదు. ఈ రెండు పనుల మధ్య తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. సర్వీస్ సెంటర్‌లో మాత్రం రెండూ "బయట వైరింగ్" పద్దు కిందే పడతాయి.

ఎల్ఈడీ బల్బుల కథ దీనికి తలకిందులు. ఇవి తక్కువ కరెంటు లాగుతాయి, దాంతో వేరే తంటా. చాలా కార్లలో బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ ఒక్కో బల్బుకు ఎంత కరెంటు వెళుతోందో కనిపెట్టుకుని ఉంటుంది. కరెంటు బాగా తగ్గితే బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగిస్తుంది, ఇండికేటర్ అయితే టకటకా వేగంగా కొట్టుకుంటుంది. ఆ హెచ్చరిక రాకుండా షాపువాళ్లు ఒక రెసిస్టర్ తగిలిస్తారు. దాని పని కరెంటును ఊరికే తగలేసి, పాత బల్బే ఉందని కంప్యూటర్‌ను నమ్మించడం. ఇంజిన్ నడుస్తూ బల్బు వెలిగినంతసేపూ 6 ఓమ్‌ల రెసిస్టర్ సుమారు 30 వాట్ల వేడి వెదజల్లుతుంది. విద్యుత్తు ఆదా పేరుతో కొన్న ఎల్ఈడీ పక్కన ఒక చిన్న పొయ్యి పెట్టుకున్నట్టే. దాన్ని ప్లాస్టిక్ బంపర్‌కో, వైర్ల కట్టకో ఆనించి కడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కొన్ని మార్పులు వేడెక్కవు, పొగ రాదు, అయినా బండిని నిలబెట్టేస్తాయి. తాళం వేశాక ఆరోగ్యంగా ఉన్న కారు సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపే కరెంటు వాడుకుంటూ నిద్రపోతుంది. పార్కింగ్‌లోనూ రికార్డు చేసే డ్యాష్‌క్యామ్‌ను ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు కలిపి, దాంతోపాటు ఒక జీపీఎస్ ట్రాకర్ వేస్తే ఈ వాడకం 400 మిల్లీ ఆంపియర్లకు చేరొచ్చు. రోజుకు 9.6 ఆంపియర్-అవర్లు. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ సామర్థ్యం సుమారు 35 ఆంపియర్-అవర్లు. శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో మూడు రోజులు వదిలేసి వస్తే 29 హరించుకుపోయి ఉంటాయి, స్టార్టర్ కిక్కురుమనదు. ఇలా నాలుగైదుసార్లు అడుగంటితే బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి అది నిజంగానే చచ్చిపోతుంది. అప్పుడు "ఏడాదిలోనే బ్యాటరీ పోయింది, మార్చండి" అని అడిగితే టెక్నీషియన్ మొదట చేసే పని, బండి ఆపి ఆ నిద్రలోని కరెంటును కొలవడం. క్లాంప్ మీటర్ ముందు మొహమాటాలు నడవవు.

ఇక అసలు చిక్కుముడి సమాచారం మోసే వైర్లది. 1986లో బాష్ కంపెనీ క్యాన్ అనే పద్ధతిని బయటపెట్టింది. ఇంజిన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్, మీటరు, ఇలా ప్రతిదానికీ విడివిడిగా వైర్లు లాగకుండా, మెలిపెట్టిన రెండే వైర్ల మీద అన్ని కంప్యూటర్లూ మాట్లాడుకునే ఏర్పాటు అది. ఊరి రచ్చబండ లాంటిది: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లంతా వింటారు, తమకు పనికొచ్చే మాట పట్టుకుంటారు. మాట లేనప్పుడు రెండు వైర్ల మీదా 2.5 వోల్టులుంటాయి. మాట మొదలైతే ఒకటి 3.5కు ఎగబాకుతుంది, రెండోది 1.5కు దిగుతుంది. ఆ తేడాయే భాష. వైర్ల రెండు కొసలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి, బండి ఆపి మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు చూపాలి. స్టీరింగ్ మీది బటన్లు పనిచేయాలని ఆండ్రాయిడ్ స్క్రీన్ బిగించేవాళ్లు ఒక చిన్న డీకోడర్ డబ్బాను ఈ వైర్లకే కలుపుతారు. మంచిదైతే వింటూ ఊరుకుంటుంది. నాసిరకందైతే మధ్యమధ్య అరుస్తుంది. అప్పుడు యు అక్షరంతో మొదలయ్యే ఫాల్ట్ కోడ్లు పుట్టుకొస్తాయి. ఒక కంప్యూటర్‌కు ఇంకో కంప్యూటర్ మాట అందడం లేదని వాటి అర్థం. స్క్రీన్ పెట్టింది డ్యాష్‌బోర్డులో, హెచ్చరిక వచ్చింది ఏబీఎస్‌కు. సంబంధం లేనట్టే కనిపిస్తుంది, నిక్షేపంలా ఉంటుంది.

ఇప్పుడు హారన్, పవర్ విండోల తగవు తీర్చవచ్చు. కొత్త హారన్లకు బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజు, సొంత రిలే వేసి ఉంటే వాటికీ అద్దానికీ మధ్య దారి లేదు. విండో మోటారు కంపెనీ ఖాతాలోనే మారాలి. అలాకాక బాడీ కంట్రోల్ మాడ్యూల్ నుంచి వచ్చే వైరునే కోసి ఎక్కువ కరెంటు లాగే జంట హారన్లు తగిలించి ఉంటే, అదే మాడ్యూల్ చాలా కార్లలో అద్దాలనూ నడుపుతుంది కాబట్టి, దారి ఉంది. అయినా అంతటితో తేలదు. మాడ్యూల్ మాడిందా, లేక మోటారే అరిగిందా అన్నది విప్పి చూడాలి. అడ్వైజర్ టేపు చూసి తీర్పు చెప్పడమూ తొందరే, యజమాని టేపును తీసిపారేసి అమాయకంగా నిలబడడమూ వ్యర్థమే. ఇన్సులేషన్ మీద కత్తి గాటు టేపు తీసినా పోదు.

చక్రాల లెక్క దీనికంటే తేలిక. 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. చిన్న రిమ్ముకు కంపెనీ ఇచ్చే 165/80 ఆర్14 వ్యాసం సుమారు 620. రిమ్ము సైజు మారినా మొత్తం ఎత్తు మారకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. మనం రోడ్డు మీద దిట్టంగా కనిపించాలని 205/65 ఆర్15 వేస్తే వ్యాసం 647 దాటుతుంది, 4 శాతం పెరిగినట్టు. స్పీడోమీటర్ 100 చూపుతుంటే బండి 104లో పోతుంటుంది. దానికి మించిన సంగతి ఆఫ్‌సెట్‌ది, అంటే చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందన్నది. బయటికి పొడుచుకొచ్చే అలాయ్‌లు బండికి ఠీవి తెస్తాయి గానీ, ఒక చక్రం మీద 300 కిలోల బరువు ఉందనుకుంటే, దాన్ని 20 మిల్లీమీటర్లు బయటికి జరిపిన ప్రతిసారీ వీల్ బేరింగ్ మీద 60 న్యూటన్ మీటర్ల వరకు అదనపు మెలిక పడుతుంది. అదీ నునుపు రోడ్డు మీద. మన వీధుల స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరే. అలాంటి కారులో బేరింగ్ గూయ్‌మంటే వారంటీ అడగడం దండగ. ఏసీ కంప్రెసర్ పోతే మాత్రం అలాయ్‌లను చూపి తప్పించుకోవడం కుదరదు.

ఇంజిన్ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించే కుర్రాళ్లు తరచూ ఒక మాట అంటుంటారు: "కంపెనీయే పవర్ దాచేసింది, మేం తాళం తీస్తున్నామంతే." ఇందులో సగం నిజముంది. ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ మన దేశంలో స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్‌తో, ఎస్ఎక్స్4లో 90తో వచ్చింది. అదే ఇంజిన్ కదా, సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలనిపిస్తుంది. కానీ 90 వచ్చిన దానికి కంపెనీ వేరే టర్బో ఇచ్చింది, గాలి ప్రవాహాన్ని బట్టి రెక్కలు కదిలే రకం. చిన్న టర్బో ఉన్న ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి 90 పిండితే, ఆ టర్బో నిమిషానికి లక్షల్లో తిరుగుతూ తన హద్దు దాటుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, క్లచ్ జారడం మొదలెడుతుంది. టర్బో షాఫ్ట్ ఆడితే, క్లచ్ మాడితే కారణం వెతకడానికి పెద్దగా తెలివితేటలు అక్కర్లేదు.

దొరకదులే అనుకోవడం మాత్రం పాత రోజుల ధీమా. సర్వీసుకు వెళ్లే ముందు పాత ఫైలు ఎక్కించేస్తే సరి అనుకుంటారు. అనేక ఇంజిన్ కంప్యూటర్లు తమలోని ప్రోగ్రామును ఎన్నిసార్లు తిరగరాశారో లెక్క పెట్టుకుంటాయి. ఫైలు వెనక్కి వస్తుంది, లెక్క వెనక్కి రాదు. ఫాల్ట్ కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ అడిగితే కంప్యూటర్ తనలోని సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు, ఆ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని కూడి తీసిన ఒక సరిచూపు సంఖ్యనూ చెబుతుంది. ఒక్క అంకె మార్చినా ఆ సంఖ్య మారిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి డీలర్ల దగ్గర స్కానర్ కంపెనీ సర్వర్‌తో మాట్లాడి తేడా పడితే, ఆ కారు చాసిస్ నంబరు మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. తర్వాత ఏ ఊరి డీలర్ దగ్గరికి వెళ్లినా అది కనిపిస్తుంది. పైగా ఫాల్ట్ వచ్చిన క్షణాన ఇంజిన్ వేగం ఎంత, లోడు ఎంత, వేడి ఎంత అన్నవి కూడా భద్రంగా ఉంటాయి. రీమ్యాప్ బదులు ట్యూనింగ్ బాక్స్ పెట్టేవాళ్లది ఇంకో ఎత్తు. అది సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే రైల్ అనే గొట్టంలో 1,600 బార్ల పీడనం ఉంటే 1,400 ఉందని అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ఇంకాస్త డీజిల్ తోస్తుంది. ఆ పీడనం భరించాల్సింది పంపూ ఇంజెక్టర్లూ.

సీఎన్‌జీ కిట్టు గురించి ఒక్క ముక్క, ఎందుకంటే ఇది సోకు కాదు, అవసరం. బీఎస్-6 పెట్రోలు కార్లకు బయట కిట్టు బిగించుకోవడానికి కేంద్రం 2022 ఆగస్టులో అనుమతించింది. చట్టబద్ధమే, ఆర్‌సీలో ఎక్కించాలంతే. కానీ గ్యాసు పొడి ఇంధనం. వాల్వ్ సీటింగులు త్వరగా అరుగుతాయి. కంపెనీ అమర్చే సీఎన్‌జీ కార్లలో గట్టి సీటింగులు, వెనక గట్టి స్ప్రింగులు ఇస్తారు. సిలిండర్, గ్యాసు కలిపి 60 కిలోల పైన బరువు కదా. బయట వేయించుకున్న కారుకు ఈ రెండూ ఉండవు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన వారంటీ ఒప్పుకోదు. ఇంజిన్ మీద హామీ పోయినట్టే లెక్కవేసుకుని, ఇంధనంలో మిగిలేదెంతో చూసుకుని దిగాలి.

మిగతావి చకచకా. సైడ్ ఎయిర్‌బ్యాగు ఉన్న సీటు కుట్టు ఒక పక్కన కావాలనే బలహీనమైన దారంతో కుడతారు, మిల్లీ సెకన్లలో చిరిగి బ్యాగు బయటికి రావాలని. దాని మీద మందపాటి సీటు కవరు బిగుతుగా తొడిగితే వారంటీ సంగతి దేవుడెరుగు, ప్రాణం సంగతి చూసుకోవాలి. ముందు బంపర్‌కు బిగించే ఇనుప గార్డుల మీద చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. అడుగున కొట్టే యాంటీ రస్ట్ కోటింగు తలుపుల కింది నీటి రంధ్రాలను మూసేస్తే, తుప్పు రాకుండా చేయించిందే తుప్పు తెస్తుంది. ఫ్లోర్ మ్యాట్లు, సన్‌షేడ్లు, స్టిక్కర్లు ఏమీ చేయవు. వాటిని చూపి క్లెయిము నిరాకరిస్తే నవ్వి ఊరుకోకండి.

డీలర్ ఎందుకంత బిగుసుకుంటాడు? వారంటీ రిపేరు డబ్బు డీలర్‌ది కాదు, తయారీ కంపెనీది. డీలర్ ముందు పని చేసి, తర్వాత ఫొటోలు, ఫాల్ట్ కోడ్లు, పాడైన భాగం పంపి కంపెనీ దగ్గర వసూలు చేసుకోవాలి. ఆడిట్‌లో మార్పు జరిగిన ఆనవాలు బయటపడితే కంపెనీ ఆ క్లెయిము కొట్టేస్తుంది, నష్టం డీలర్ మీద పడుతుంది. అందుకే టేపు కనబడగానే వద్దనడం అతనికి చౌక. అర్థం చేసుకోదగ్గదే గానీ, ఆ భయానికి మనం బిల్లు కట్టనక్కర్లేదు. ఇంకో సంగతి: కొన్నిచోట్ల షోరూమే యాక్సెసరీస్ పేరుతో బయటి సరుకు, బయటి మనిషి చేత వేయిస్తుంది. ఆ బిల్లు షోరూం పేరిట ఉంటే దాన్ని బంగారంలా దాచుకోండి.

అమెరికాలో ఈ తగవుకు అర్ధ శతాబ్దం కిందటే చట్టం వచ్చింది. 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, మా కంపెనీ భాగాలే వాడితేనే వారంటీ అని షరతు పెట్టడానికి వీల్లేదు. బయటి భాగం వల్లే పాడైందని చూపాల్సింది కంపెనీయే. 2022లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హార్లీ-డేవిడ్‌సన్ మీద చర్య తీసుకున్నది ఇలాంటి షరతు పెట్టినందుకే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు డీలర్ కాదన్నప్పుడు ఈ చట్టం పేరెత్తితే మాట తీరు మారుతుంది. అంతమాత్రాన రీమ్యాప్ చేసిన టర్బోకు డబ్బులు రావు. కారణం రుజువైతే ఆ చట్టమూ కాపాడదు.

మన దగ్గర అంత సూటి చట్టం లేదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అక్రమమైన మార్పుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు రూ. 5 వేల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మరోపక్క, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్ల జరిమానా వేస్తూ ఒక మంచి మాట చెప్పింది: బయటి గ్యారేజీలో పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనకూడదు, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఆదేశం రిపేర్ల గురించే తప్ప మార్పుల గురించి కాదు. అయినా నష్టం మేరకే అన్న సూత్రం మార్పులకూ వర్తించాలన్నది నా అభిప్రాయం. విజ్ఞానమూ ఆ మాటే చెబుతోంది.

కాబట్టి ఎవరైనా వారంటీ రాదంటే వాదించకండి. ఏ భాగం పాడైంది, ఏ మార్పు వల్ల, ఎలా అన్న మూడు ముక్కలూ జాబ్ కార్డు మీద రాసి ముద్ర వేయమని అడగండి. ఫాల్ట్ కోడ్ల ప్రింటు తీసుకోండి. విప్పిన భాగాన్ని మీ ముందే ఫొటో తీయించండి. నోటిమాటగా కాదన్నవాళ్లలో కొందరు కాగితం అడిగేసరికి కంపెనీని మళ్లీ అడిగి చెబుతామంటారు. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద పాడైన భాగాన్ని కమిషనే ల్యాబుకు పంపి పరీక్ష చేయించవచ్చు. గొడవ మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. రూ. 5 లక్షల నుంచి రూ. 10 లక్షల మధ్య ధర పెట్టి కొన్న కారుకు కట్టాల్సిన రుసుము రూ. 200.